పట్టించుకునే పౌరులకు మెరుగైన ప్రాతినిధ్యం దక్కుతుందా?

తీరరేఖ

గత పదకొండేళ్లలో ఏ ఎన్నికలోనూ నేను ఓటు వేయకుండా ఉండలేదు. చట్టాల ముసాయిదాలు ప్రజల ముందుకు వచ్చినప్పుడల్లా ఓపికగా చదివి, నాకు తోచిన అభ్యంతరాలను మా నియోజకవర్గ ప్రతినిధికి రాసి పంపుతూనే ఉన్నాను. చాలా ఉత్తరాలకు మర్యాదగా జవాబు వచ్చింది. రెండుసార్లు ముఖాముఖి మాట్లాడే అవకాశమూ దొరికింది.

ఈ మధ్య ఆ కాగితాలన్నీ ముందు వేసుకుని, నేను రాసిన ఒక్కొక్క విషయం మీద ఆయన సభలో ఎటువైపు ఓటు వేశారో సరిచూసుకున్నాను. మొత్తం 14 అంశాల్లో 8 చోట్ల ఆయన ఓటు నా అభిప్రాయంతో కలిసింది. తరువాత, రాజకీయాల జోలికి ఎన్నడూ పోని, ఓటు కూడా వేయని మా పక్కింటావిడను అవే 14 ప్రశ్నలు అడిగాను. ఆవిడ విషయంలో 7 చోట్ల కలిసింది. పదకొండేళ్ల శ్రమకు దక్కిన తేడా ఇంతేనా అన్న ప్రశ్న అప్పటినుంచి నన్ను వదలడం లేదు. చురుగ్గా పాల్గొనే పౌరులకు నిజంగా మెరుగైన ప్రాతినిధ్యం దక్కుతుందా, లేక మెరుగైన జవాబులు మాత్రమే దక్కుతాయా? ఈ విషయాన్ని చదివినవారు, దగ్గరగా చూసినవారు చెప్పాలని కోరుతున్నాను.

వివేచన

తీరరేఖ గారూ, మీరు ఇంట్లో కూర్చుని చేసిన లెక్కనే రాజనీతి శాస్త్రజ్ఞులు పెద్ద ఎత్తున ఆరు దశాబ్దాలుగా చేస్తున్నారు. వారెన్ మిల్లర్, డొనాల్డ్ స్టోక్స్ 1958 నాటి అమెరికా ఎన్నికల తరువాత 116 నియోజకవర్గాల్లో ఓటర్ల అభిప్రాయాలనూ, వారి ప్రతినిధులు సభలో వేసిన ఓట్లనూ పక్కపక్కన పెట్టి, ఆ ఫలితాలను 1963లో ప్రచురించారు. పౌరహక్కుల విషయంలో ప్రతినిధి ఓటు నియోజకవర్గపు మనసును చాలా దగ్గరగా అనుసరించింది. విదేశాంగ విధానంలో ఆ పొంతన ఎంతో పలచబడిపోయింది. కాబట్టి ప్రాతినిధ్యం అనేది అన్ని విషయాల్లోనూ ఒకే మోతాదులో దొరికే వస్తువు కాదని అప్పుడే తేలింది.

మీ ప్రశ్నకు ఇంకా సూటిగా తగిలే పని జాన్ గ్రిఫిన్, బ్రయన్ న్యూమన్ 2005లో ప్రచురించినది. ఒకే రాష్ట్రంలో ఓటు వేసేవారి అభిప్రాయాలనూ, వేయనివారి అభిప్రాయాలనూ విడదీసి, అమెరికా సెనేటర్ల సభా ఓట్లతో పోల్చారు. ఓటు వేసేవారి అభిప్రాయాలను బట్టి సెనేటరు ఎటు మొగ్గుతాడో అంచనా వేయగలిగారు; వేయనివారి అభిప్రాయాలు ఆ అంచనాకు ఏ బలమూ చేకూర్చలేదు. దీనికి వారు మూడు దారులు ఊహించారు. ఓటు వేసేవారు తమలాంటి ఆలోచన ఉన్న మనిషినే ఎన్నుకుంటారు; తమ మనసులోని మాటను ఆయనకు ఎక్కువగా చేరవేస్తారు; మళ్లీ గెలవాలన్నా ఆయనకు వారే దిక్కు. మీరు పదకొండేళ్లుగా నడిచినది ఈ మూడింటిలో రెండో దారి. మొదటి దారి బహుశా అన్నిటికంటే బలమైనదని నా అభిప్రాయం, ఎందుకంటే ఎన్నికైన మనిషి మనసు మార్చడం కంటే, ముందే మన మనసున్న మనిషిని ఎన్నుకోవడం తేలిక.

ఎదురుప్రశ్న

ఇక్కడ ఒక అభ్యంతరాన్ని గట్టిగా లేవనెత్తదలచుకున్నాను. ఓటు వేసేవారికీ ప్రతినిధికీ పొంతన ఎక్కువగా ఉందంటే, ఓటు వేయడం వల్లనే ఆ పొంతన వచ్చిందని ఎలా అనగలం? తన మాట చెల్లుబాటవుతుందని నమ్మకం ఉన్నవాడే ఓటు వేయడానికి వెళతాడు. చిన్నప్పటినుంచీ తన వాళ్ల గోడు ఎవరూ వినలేదని చూసినవాడు వెళ్లడు. అంటే ప్రాతినిధ్యం దక్కడం వల్ల పాల్గొనడం పుడుతున్నదేమో, మనం బండిని ఎద్దుల ముందు కడుతున్నామేమో ఆలోచించాలి.

దీనికి తోడు, ఎక్కువగా పాల్గొనేవారు సగటున ఎక్కువ చదువుకున్నవారు, కాస్త కలిగినవారు. చట్టసభల్లో కూర్చునేవారూ ఆ వర్గం నుంచే ఎక్కువగా వస్తారు. ఒకే రకమైన బడిలో చదివి, ఒకే రకమైన జీవితం గడిపినవారి ఆలోచనలు కలవడానికి ఉత్తరాలు రాసుకోవలసిన అవసరం ఏముంది? ఈ రెండు చిక్కులనూ దాటకుండా, పాల్గొంటే ఫలితం ఉంటుందని చెప్పడం జనానికి తప్పుడు భరోసా ఇవ్వడమే అవుతుంది.

పాతదస్త్రం

నేను ఒక చట్టసభ సభ్యురాలి కార్యాలయంలో ఆరేళ్లు పనిచేశాను. వచ్చే ఉత్తరాలు, ఫోన్లు, ఈమెయిళ్లు చూసి వర్గీకరించడం నా పని. అక్కడ చూసినదే చెబుతాను.

ఒకే నమూనాను వందమంది సంతకాలు పెట్టి పంపితే, అది మా పట్టికలో ఒక వరుసగా, పక్కన 100 అన్న అంకెగా మారేది. ఆ అంకె పెద్దదైతే ఆమె తల ఎత్తి చూసేవారు. లేదంటే పట్టిక మూసేసేవాళ్లం. అదే ఒక మనిషి తన జీవితంలో ఆ చట్టం ఎక్కడ తగులుతుందో సొంత మాటల్లో రాస్తే, ఆ ఉత్తరం పూర్తిగా ఆమె బల్ల మీదికి వెళ్లేది. చాలాసార్లు అలాంటి ఉత్తరం ఆమె ఓటును మార్చలేదు. కానీ సభా సంఘంలో ముసాయిదా మీద చర్చ జరిగినప్పుడు ఒక మినహాయింపు పెట్టించడానికో, అమలు తేదీని వెనక్కి జరపడానికో పనికివచ్చిన సందర్భాలు నాకు బాగా గుర్తున్నాయి. తీరరేఖ గారి లెక్కలో ఇలాంటివి కనబడవు, ఎందుకంటే ఆ లెక్క చివరి ఓటునే చూస్తుంది.

మరొక విషయం చెప్పడం నాకు కష్టంగానే ఉంది. ఆరేళ్లలో మాకు తరచుగా రాసినవారు బహుశా మూడు నాలుగు వందల మంది ఉంటారు. వారి పేర్లు, చేతిరాత, ఏ విషయానికి కోపం వస్తుందో కూడా నాకు తెలిసిపోయింది. నియోజకవర్గం ఏమనుకుంటోంది అని ఆమె అడిగినప్పుడల్లా నా మనసులో మెదిలినది ఆ మూడు నాలుగు వందల మందే. లక్షల మంది తరఫున నేను చెప్పిన జవాబు నిజానికి వారి జవాబు. అందులో మోసం ఏమీ లేదు. మాకు వినబడిన గొంతులు అవే.

వివేచన

పాతదస్త్రం గారు చెప్పిన చివరి మాట ఈ చర్చకు కీలకం. డేవిడ్ బ్రూక్‌మన్, క్రిస్టఫర్ స్కొవ్రన్ 2012, 2014 సంవత్సరాల్లో అమెరికా రాష్ట్రాల స్థాయి రాజకీయ నాయకులను, మీ నియోజకవర్గంలో ఎంతమంది ఫలానా విధానాన్ని సమర్థిస్తారు అని అడిగి, ఆ అంచనాలను ప్రజల అసలు అభిప్రాయాలతో పోల్చారు. రెండు పార్టీల నాయకులూ తమ ఓటర్లను ఉన్నదానికంటే సంప్రదాయవాదులుగా ఊహించుకున్నారు. రిపబ్లికన్లలో ఆ పొరపాటు మరీ ఎక్కువ. ఆ పార్టీ ప్రతినిధుల కార్యాలయాలను ఆ పార్టీ అభిమానులే ఎక్కువగా సంప్రదించడం ఇందుకు ఒక కారణం కావచ్చునని వారు సూచించారు. అంటే చురుకైన పౌరుడు తన అభిప్రాయాన్ని చెప్పడంతో ఆగడం లేదు. ఊరంతా ఇలాగే అనుకుంటోందన్న భ్రమను కూడా, తనకు తెలియకుండానే, ప్రతినిధి మనసులో నాటుతున్నాడు.

ఆ భ్రమను తొలగిస్తే ఏమవుతుందో చూసిన ప్రయోగం కూడా ఉంది. 2008లో న్యూ మెక్సికో రాష్ట్ర చట్టసభ ప్రత్యేక సమావేశానికి ముందు డేనియల్ బట్లర్, డేవిడ్ నికర్సన్ ఒక పన్ను వాపసు ప్రతిపాదన మీద పదివేల మందికి పైగా పౌరుల అభిప్రాయాలు సేకరించి, సభ్యుల్లో కొందరికి మాత్రం వారి వారి నియోజకవర్గ ఫలితాలను అందజేశారు. ఎవరికి అందించాలన్నది చీటీ వేసినట్టుగా నిర్ణయించారు. ఫలితాలు అందినవారి ఓట్లు ప్రజల అభిప్రాయానికి దగ్గరగా జరిగాయి. అందనివారి ఓట్లకు అలాంటి సంబంధం కనబడలేదు. వినే మనసు చాలామందిలో ఉంది, వారి చెవిదాకా చేరుతున్నది ఎవరి మాట అన్నదే చిక్కు.

గట్టుమీద

మీరంతా ప్రతినిధికి తన ఇష్టప్రకారం ఓటు వేసే స్వేచ్ఛ ఉన్నట్టు మాట్లాడుతున్నారు. ఉదాహరణలన్నీ అమెరికావి కావడం దీనికి కారణం. అక్కడ పార్టీ పట్టు పోల్చి చూస్తే వదులుగా ఉంటుంది. భారతదేశంలో 1985 నాటి 52వ రాజ్యాంగ సవరణతో, పార్టీ ఫిరాయింపులను అరికట్టే పదో షెడ్యూలు వచ్చింది. పార్టీ విప్‌ను, అంటే ఎటువైపు ఓటు వేయాలో చెప్పే పార్టీ ఆదేశాన్ని, ధిక్కరించి ఓటు వేసిన సభ్యుడిని పార్టీ 15 రోజుల్లోగా క్షమించకపోతే సభ్యత్వమే పోవచ్చు. జర్మనీ రాజ్యాంగంలోని 38వ అధికరణం సభ్యులు ఎవరి ఆదేశాలకూ కట్టుబడనవసరం లేదని, తమ అంతరాత్మకే లోబడాలని చెబుతుంది. అయినా అక్కడ కూడా ఆచరణలో పార్టీ బృందాలు కలిసికట్టుగానే ఓటు వేస్తాయి. పార్టీ గీసిన గీతలో నిలబడవలసిన సభ్యుడికి ఎంత మంచి ఉత్తరం రాసినా, ఆ ఓటు ఆయన చేతిలో లేదు.

ప్రతినిధి వినాలా వద్దా అన్న పాత ప్రశ్న కూడా ఉంది. 1774 నవంబరు 3న బ్రిటిష్ రాజకీయ నాయకుడు ఎడ్మండ్ బర్క్ తన నియోజకవర్గమైన బ్రిస్టల్ ఓటర్ల ముందు నిలబడి, మీ ప్రతినిధి మీకు శ్రమతో పాటు తన వివేకాన్ని కూడా బాకీ ఉన్నాడని, దాన్ని మీ అభిప్రాయానికి బలిస్తే అది మీకు ద్రోహమే అవుతుందని చెప్పాడు. ఆరేళ్ల తరువాత, 1780లో, ఆయన అక్కడ గెలుపు మీద ఆశ వదులుకుని పోటీ నుంచి తప్పుకోవలసి వచ్చింది. ఇందులో ఎవరిది తప్పు అని నేను తేల్చలేను.

తీరరేఖ గారిని ఒకటే అడుగుతాను. ఆ 14 అంశాల్లో విప్ ఉన్నవి ఎన్ని, లేనివి ఎన్ని?

చిరుదివ్వె

ఇప్పటిదాకా జరిగిన చర్చలో ఉత్తరం రాయగలిగినవారి గురించే మాట్లాడుతున్నాం. రాయలేనివారి గురించి ఒక ఉదాహరణ చెబుతాను, ఎదురుప్రశ్న గారు దీన్ని ప్రత్యేకంగా గమనించాలి.

బ్రెజిల్‌లో ఒకప్పుడు కాగితపు బ్యాలెట్ మీద ఓటరు అభ్యర్థి పేరో సంఖ్యో తానే రాయవలసి వచ్చేది. చదువు అంతంతమాత్రంగా ఉన్నవారి ఓట్లు ఖాళీగానో తప్పులతోనో మిగిలి, పెద్ద సంఖ్యలో చెల్లకుండా పోయేవి. వాళ్లు పోలింగ్ కేంద్రానికి వెళ్లారు, వరుసలో నిలబడ్డారు, ఓటు వేశామనుకుని ఇంటికి తిరిగివచ్చారు. 1998 ఎన్నికల్లో 40,500 మందికి మించి నమోదైన ఓటర్లున్న పురపాలికల్లో మాత్రం ఎలక్ట్రానిక్ యంత్రాలు వాడారు. సంఖ్య నొక్కగానే అభ్యర్థి ఫొటో తెర మీద కనబడేది. ఆ హద్దుకు కాస్త పైన ఉన్న ఊళ్లనూ, కాస్త కింద ఉన్న ఊళ్లనూ థామస్ ఫుజివారా పోల్చి చూశారు. రాష్ట్ర చట్టసభల ఎన్నికల్లో చెల్లని, ఖాళీ ఓట్లు మొత్తం పోలింగ్‌లో 10 శాతానికి మించిన మేరకు తగ్గాయి. ఆ తరువాతి సంవత్సరాల్లో ప్రభుత్వాల ఖర్చు ప్రజారోగ్యం వైపు మళ్లింది. చదువు తక్కువగా ఉన్న తల్లులకు గర్భధారణ సమయంలో వైద్య పరీక్షలు ఎక్కువ అందాయి, వారికి తక్కువ బరువుతో పుట్టే పిల్లల సంఖ్య తగ్గింది. చదువుకున్న తల్లుల విషయంలో ఆ మార్పు కనబడలేదు.

ఈ ఫలితాన్ని మొదటిసారి చదివిన రోజు నేను చాలాసేపు మరో పని చేయలేకపోయాను.

ఎదురుప్రశ్న

చిరుదివ్వె గారూ, నా మొదటి అభ్యంతరాన్ని ఈ ఉదాహరణ పడగొట్టిందని ఒప్పుకుంటున్నాను. అక్కడ ఎవరి ఆసక్తీ పెరగలేదు, ఎవరి నమ్మకమూ మారలేదు. లెక్కలోకి వచ్చిన ఓట్లు మాత్రమే మారాయి. అయినా విధానం మారింది. కాబట్టి ప్రాతినిధ్యం నుంచి పాల్గొనడం పుడుతుందన్నది కొంత నిజమే అయినా, అది పూర్తి కథ కాదు.

డేనియల్ బెర్గన్, రిచర్డ్ కోల్ మిషిగన్‌లో చేసిన పని కూడా ఇదే వైపు చూపుతుంది. బడిలో పిల్లల వేధింపులను అరికట్టే బిల్లు విషయమై ఏయే సభ్యులకు పౌరులు ఫోన్ చేయాలో ముందే యాదృచ్ఛికంగా నిర్ణయించారు. ఫోన్లు అందుకున్న సభ్యులు బిల్లును సమర్థించే అవకాశం సుమారు 12 శాతం పాయింట్లు పెరిగింది.

కానీ దీన్నుంచి నాకు తోచేది వేరు. ఓటు వేయడం, సంప్రదించడం, విరాళం ఇవ్వడం అనే మూడింటినీ మనం పాల్గొనడం అన్న ఒకే మాటతో కట్టేస్తున్నాం. ఓటు అందరికీ ఒక్కటే. ఉత్తరాలు తీరికనూ చదువునూ బట్టి ఉంటాయి. విరాళమైతే చెప్పనే అక్కరలేదు. జాషువా కల్లా, డేవిడ్ బ్రూక్‌మన్ చేసిన ప్రయోగంలో, ఒక సంస్థ సభ్యులు 191 మంది అమెరికా కాంగ్రెస్ సభ్యుల కార్యాలయాలకు సమావేశం కోరుతూ రాశారు. వచ్చేవారు విరాళదాతలని తెలిపిన చోట్ల, సభ్యులో ఉన్నత స్థాయి సిబ్బందో స్వయంగా కలిసే అవకాశం మూడు నాలుగు రెట్లు పెరిగింది. చురుకైన పౌరుడు అన్న ఒకే పేరు కింద ఇంత దూరం దాగి ఉంది.

నిలకడ

అందరి ఓటూ తప్పనిసరి చేస్తే సరిపోదా? ఆస్ట్రేలియాలో 1922లో 60 శాతానికి చేరని పోలింగ్, 1924లో ఓటు వేయడాన్ని తప్పనిసరి చేశాక 1925లో 91 శాతం దాటింది. నెదర్లాండ్స్‌లో 1970లో ఆ నిర్బంధం ఎత్తివేయగానే పోలింగ్ బాగా పడిపోయింది. ఎదురుప్రశ్న గారు చెప్పినట్టు ఉత్తరాలు, విరాళాల్లో అసమానత అప్పటికీ మిగులుతుందని తెలుసు, అయినా పునాది సమానమవుతుంది.

అయితే ఒక మాట చురుకైనవారి తరఫున కూడా అనాలి. ఒక చట్టం నాకు ఊపిరిలాంటిదై, నా పక్కవాడికి అది పట్టని సంగతి అయినప్పుడు, ప్రతినిధి నా మాటకు ఎక్కువ బరువివ్వడం అన్యాయమా? వీల్‌చైర్‌లో తిరిగే మనిషి ప్రజా భవనాల ర్యాంపుల గురించి పదిసార్లు రాస్తే, ఆ పది ఉత్తరాలకూ విలువ ఉండాలి. కేవలం తలలు లెక్కపెట్టే సర్వే ఆ తీవ్రతను చూపించదు.

పాతదస్త్రం

తీవ్రతకు విలువ ఉండాలన్నది నిజం. కానీ మా బల్ల మీదికి వచ్చిన ఉత్తరాల్లో తీవ్రతనూ తీరికనూ వేరు చేయడం నాకు ఎన్నడూ చేతకాలేదు. రెండు ఉద్యోగాల మధ్య పరుగెత్తే మనిషికి కూడా ఏదో ఒక చట్టం ఊపిరిలాంటిదే అయి ఉంటుంది. ఆ మనిషి ఉత్తరం మాకు రాలేదు.

తీరరేఖ

గట్టుమీద గారు అడిగాక మళ్లీ లెక్క చూశాను. 14 అంశాల్లో 11 చోట్ల పార్టీ విప్ ఉంది. ఆ 11లో ఆయన ఓటు 5 చోట్ల నా అభిప్రాయంతో, 6 చోట్ల మా పక్కింటావిడ అభిప్రాయంతో కలిసింది. విప్ లేని 3 అంశాల్లోనూ ఆయన ఓటు నా వైపే ఉంది. ఆవిడ వైపు ఒక్కదాంట్లోనే ఉంది.

మూడు ఓట్లతో ఏదీ రుజువు కాదని నాకు తెలుసు. అయినా ఆ మూడింటిలో ఒకటి నన్ను కలవరపెడుతోంది. ప్రభుత్వ దరఖాస్తులన్నీ ఆన్‌లైన్‌లో మాత్రమే తీసుకోవాలన్న ప్రతిపాదన అది. కాగితం ఖర్చు, కాలయాపన, లంచాల అవకాశం తగ్గుతాయని నేను రెండు వివరమైన ఉత్తరాలు రాశాను. ఆయన తన ప్రసంగంలో, నియోజకవర్గ ప్రజలు దీన్ని స్వాగతిస్తున్నారని అన్నారు. మా పక్కింటావిడకు ఫోనులో అక్షరాలు సరిగా కనబడవు, కౌంటరు దగ్గర మనిషి ఉంటేనే ఆవిడ పని జరుగుతుంది. ఆయన చెప్పిన నియోజకవర్గ ప్రజల్లో నేనున్నాను, ఆవిడ లేదు. పదకొండేళ్లకు దక్కినది ఒక్క ఓటేనా అని ఈ చర్చ మొదలుపెట్టాను. ఆ ఒక్క ఓటు ఎవరికి తగిలిందో ఇప్పుడు చూస్తున్నాను.

నిన్న సాయంత్రం ఆవిడ దగ్గర కూర్చుని, ఆవిడ చెప్పినది చెప్పినట్టు రాసుకున్నాను. నా పాత అభిప్రాయం ఇది, దానివల్ల ఇబ్బంది పడుతున్నవారి అభిప్రాయం ఇది అని రెండూ కలిపి ఒకే ఉత్తరంగా పంపాలనుకుంటున్నాను.

పాతదస్త్రం

కలిపి పంపకండి, తీరరేఖ గారూ. ఒకే ఉత్తరమైతే పట్టికలో అది మీ పేరు మీద, మీరు మనసు మార్చుకున్నారన్న ఒక్క వరుసగా చేరుతుంది. ఆవిడ మాటలు ఆవిడ పేరుతో, ఆవిడ చిరునామాతో, ఆవిడ సంతకంతో విడిగా వెళ్లాలి. ఏ దరఖాస్తు, ఏ రోజు, కౌంటరు మూసి ఉండటం వల్ల ఎన్నిసార్లు తిరగవలసి వచ్చింది అన్నవి తప్పక రాయించండి. నియమాలు ఇంకా ఖరారు కాకపోతే, సంబంధిత సభా సంఘానికి కూడా ఒక ప్రతి పంపించండి.

తీరరేఖ

నియమాలు వచ్చే నెల సంఘం ముందుకు వస్తున్నాయి. రేపు ఉదయం మళ్లీ ఆవిడ దగ్గరికి వెళుతున్నాను. సంతకం తానే పెడతానని, చివరి వాక్యం మాత్రం తన చేత్తోనే రాస్తానని ఆవిడ అన్నారు.